మా ఊరి కాలవ వంతెన మీద కొత్త మంచినీళ్ళ పైపు, ఏడాది వాడాక నా రివ్యూ (బజారు తూము సంగతి కూడా)

ముందే రేటింగు చెప్పేస్తా, టైం లేనోళ్ళు ఇక్కడితో ఆపేయొచ్చు. పెద్ద కాలవ వంతెన మీద వేసిన కొత్త మెయిన్ లైనుకి 5కి 4. తవ్విన రోడ్డు మళ్ళీ పూడ్చిన తీరుకి 5కి 1.5. బజారు వెనక మురుగు కాలవ తూములోంచి పోయే లైనుకి 1, అది కూడా సున్నా ఇవ్వడం కుదరదు కాబట్టి. మూడూ ఒకే కాంట్రాక్టు, ఒకే ఎండాకాలం, ఒకే మేస్త్రీ గ్యాంగు. మరి అంత తేడా ఎందుకు వచ్చిందో చెప్పడానికే ఇంత రాస్తున్నా.

వంతెన దిగగానే ఎడం పక్క ప్లంబింగ్ సామాన్ల కొట్టు నాది. నేను ఇంజినీర్ని కాదు, పైపులు అమ్ముకునేవాడిని. కాకపోతే మున్సిపాలిటీ ఫిట్టర్లు బోల్టులకీ రబ్బరు రింగులకీ అర్జెంటైతే నా దగ్గరికే వస్తారు, పని మొత్తం నా కొట్టు ముందే జరిగింది, మేస్త్రీకి టీ చెప్పింది కూడా చాలాసార్లు నేనే. ఊరి పేరు, కాంట్రాక్టరు పేరు రాయను. రాస్తే రేపు ఎవరో ఒకరికి నా ట్రేడ్ లైసెన్సు గుర్తొస్తది.

మాది కృష్ణా డెల్టాలో ఊరు. డెల్టా ఊళ్ళ నీళ్ళ సంగతి తెలియనివాళ్ళకి రెండు ముక్కలు: ప్రకాశం బ్యారేజీ నుంచి వచ్చే కాలవ నీళ్ళే మాకు తాగునీళ్ళు, బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పునీళ్ళే. ఎండాకాలం కాలవ కట్టేస్తారు కాబట్టి కట్టేసే లోపు మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి, మళ్ళీ జూన్ జూలైల్లో నీళ్ళు వదిలేదాకా అదే దిక్కు. మా చెరువు, ఫిల్టర్ బెడ్లు, పెద్ద ఓవర్‌హెడ్ ట్యాంకు అన్నీ కాలవకి అవతల ఉన్నాయి, ఊళ్ళో సగం ఇవతల ఉంది. అంటే సగం ఊరికి వెళ్ళే ప్రతి బిందె నీళ్ళూ ఆ ఒక్క వంతెన దాటే రావాలి, వేరే దారి లేదు.

పాత లైను సీఐ పైపు, అంటే పోత ఇనుము. జాయింట్లు సీసం జాయింట్లు, ఈ కాలం పిల్లలు చూసి ఉండరు, సాకెట్లోకి పైపు దూర్చి మధ్య ఖాళీలో జనుము తాడు కొట్టి దాని మీద సీసం కరిగించి పోసి ఉలితో బిగగొట్టేవాళ్ళు. భూమిలో కదలకుండా ఉంటే ఆ జాయింటు మనకన్నా ఎక్కువ కాలం బతుకుద్ది, అది ఒప్పుకోవాలి. కానీ వంతెన పక్కన బ్రాకెట్ల మీద వేలాడుతూ ఇసుక లారీలు, వడ్ల ట్రాక్టర్లు పోయినప్పుడల్లా అదురుతుంటే సీసం మెల్లగా బయటికి జరుగుద్ది. మళ్ళీ ఉలితో కొడతారు, మళ్ళీ జరుగుద్ది. చివరి రోజుల్లో ఆ లైను మీద సైకిల్ ట్యూబు కట్లు, చెక్క మేకులు, క్లాంపు మీద క్లాంపు. కింద కాలవ గట్టు మీద బట్టలుతికే ఆడవాళ్ళకి పైనుంచి షవరు. లీకు దగ్గర బిందెలు పట్టుకునేవాళ్ళు కూడా ఉండేవాళ్ళు, ఇంట్లో కుళాయికన్నా ఫోర్సు ఎక్కువని.

అసలు ఊళ్ళో మిగతా చోట్ల ఎలాగో నడిచే పైపు వంతెనల దగ్గర, కల్వర్టుల దగ్గరే ఎందుకు ముందు పోద్ది అని నన్ను చాలామంది అడుగుతారు. కారణం వంతెన కన్నా వంతెనకి రెండు పక్కలా పోసిన మట్టిలో ఉంది. వంతెన గట్టి పునాది మీద నిలబడి ఉంటది, అటూ ఇటూ ఎత్తు కోసం పోసిన మట్టి మాత్రం ఏళ్ళ తరబడి దిగుతూనే ఉంటది, పైగా మాది నల్లరేగడి, వానకి ఉబ్బుద్ది, ఎండకి నోళ్ళు తెరుస్తది. పైపు సగం కదలని దాని మీద, సగం కదిలేదాని మీద. ఆ కలిసే చోట విరుగుద్ది. దానికి తోడు పైపు మట్టిలోకి దిగే ఆ మూరెడు జాగాలో తడి, గాలి రెండూ తగులుతాయి కాబట్టి తుప్పు కూడా అక్కడే ఎక్కువ. పాత లైను తీసినప్పుడు చూశా, వంతెన మీద ముక్క పైకి బానే ఉంది, మట్టిలోకి దిగే చోట మాత్రం మేస్త్రీ స్క్రూడ్రైవర్ గుచ్చితే దిగింది. పోత ఇనుములో ఇనుమంతా తుప్పుగా పోయి గ్రాఫైటు మిగిలితే అట్టా అవుద్ది, చూడటానికి పైపు ఆకారం అట్టాగే ఉంటది, లోపల బలం ఉండదు.

ఇక పని. కాలవ కట్టేశాకే మొదలెట్టారు, అది మంచి పని. నీళ్ళు పారుతుండగా వంతెన పక్కన పరంజీ కట్టడం కుదరదు, ఇరిగేషన్ వాళ్ళు ఒప్పుకోరు కూడా. కానీ కట్టేసిన రోజు నుంచి మొదలెట్టారా అంటే లేదు. వంతెన ఆర్ అండ్ బీది, కాలవ ఇరిగేషన్‌ది, పైపు మున్సిపాలిటీది. ముగ్గురి సంతకాలు అయ్యేసరికి ఎండాకాలంలో మంచి భాగం అయిపోయింది. పైపులు మాత్రం అంతకు ముందే దిగిపోయి గట్టు మీద ఎండలో పడున్నాయి, రబ్బరు రింగులతో సహా. రింగులు నీడలో పెట్టండయ్యా ఎండకి పాడవుతాయి అని నేనే చెప్పి మా గోడౌన్‌లో పెట్టించా. ఇలాంటివి ఎవరూ బిల్లులో రాయరు.

మెచ్చుకోవాల్సింది ఇక్కడ ఒకటుంది. పాత లైను తీసేసి కొత్తది వేద్దాం అనుకోలేదు, పాతది నడుస్తుండగానే కొత్తది పక్కన మొత్తం వేసి, నీళ్ళు నింపి ప్రెజర్ టెస్టు చేసి, బ్లీచింగ్ నీళ్ళు నింపి రాత్రంతా ఉంచి కడిగేసి, ఆఖరికి రెండు చివర్లా కలిపే పని మాత్రం ఒక రాత్రి నీళ్ళు ఆపి చేశారు. మర్నాడు పొద్దున నీళ్ళు రాలేదు, సాయంత్రానికి వచ్చాయి. అంతే. మా బావమరిది వాళ్ళ ఊళ్ళో ఇదే పనికి వారాల తరబడి ట్యాంకర్లే దిక్కయ్యాయి. అయితే నీళ్ళు రావని ముందు రోజు ఆటోలో మైకు తిప్పుతాం అన్నారు, ఆ ఆటో మా వీధికైతే రాలేదు. వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు కాబట్టి తెలిసింది. కలిపాక కొన్నాళ్ళు ఎర్రనీళ్ళు వచ్చాయి, ఊళ్ళో పాత పైపుల్లో పేరుకున్న తుప్పు కొత్త ఫోర్సుకి కదిలింది, అది మామూలే, కానీ అది కూడా ముందే చెప్పి ఉంటే జనం ఫొటోలు తీసి గొడవ చేసేవాళ్ళు కాదు.

పైపు విషయానికొస్తే 300 ఎంఎం డీఐ పైపు, కే9 క్లాసు (గోడ మందాన్ని బట్టి ఇచ్చే క్లాసు). డీఐ అంటే డక్టైల్ ఐరన్, పోత ఇనుము లాంటిదే గానీ దెబ్బకి పగలదు, కాస్త వంగుద్ది. ఆ సైజుకి గోడ మందం 7.2 ఎంఎం, లోపల సిమెంటు పూత, బయట జింకు మీద నల్ల బిటుమెన్. మొదట్లో హెచ్‌డీపీఈ వేస్తారని టాక్ వచ్చింది, ఆ నల్ల ప్లాస్టిక్ పైపు. నేను కూడా హెచ్‌డీపీఈ అమ్ముతా, నాకు దాని మీద కోపం లేదు, భూమిలో వేస్తే, వెల్డింగ్ సరిగ్గా చేస్తే దానికి తిరుగులేదు. కానీ వంతెన మీద ఎండలో వద్దు బాబూ. లెక్క వేసి చూడండి, హెచ్‌డీపీఈ ఒక మీటరుకి ఒక డిగ్రీ వేడెక్కితే దాదాపు 0.18 ఎంఎం సాగుద్ది. మా వంతెన 25 మీటర్లు వేసుకోండి, తెల్లారుజామున చల్లదనానికీ మధ్యాహ్నం ఎండకీ 30 డిగ్రీల తేడా వేసుకోండి, నల్ల పైపు కాబట్టి ఇంకా ఎక్కువే ఉంటది, సుమారు 13 సెంటీమీటర్లు సాగాలి. ఆ సాగిన పైపు ఎక్కడికి పోద్ది, క్లాంపుల మధ్య పాములా మెలికలు తిరుగుద్ది. అదే ఇనుమైతే అంత పొడవుకి సెంటీమీటరు కూడా సాగదు. ఆ సెంటీమీటరు కోసం కూడా మధ్యలో ఒక ఎక్స్‌పాన్షన్ జాయింటు పెట్టారు, అక్కడ నాకు నమ్మకం కుదిరింది.

బరువు సంగతి జనం అసలు ఆలోచించరు. 300 పైపు నిండా నీళ్ళుంటే పైపు బరువుతో కలిపి మీటరుకి దాదాపు 130 కిలోలు, అంటే 5.5 మీటర్ల పైపు ఒక్కొక్కటి 700 కిలోలు దాటుద్ది. ఇంత బరువు పాత బ్రాకెట్ల మీద వేసేస్తారేమో అని భయపడ్డా. వేయలేదు. వంతెన స్తంభాల దిమ్మల మీద నుంచి కొత్తగా కాంక్రీటు స్టాండ్లు లేపి, మధ్యలో ఇనప దూలం వేసి దాని మీద శాడిల్స్ పెట్టి పైపు కూర్చోబెట్టారు, పైపుకీ శాడిల్‌కీ మధ్య రబ్బరు షీటు. వంతెన పిట్టగోడకి ఏమీ తగిలించలేదు. లారీ పోతే వంతెన అదురుద్ది గానీ పైపు చేత్తో పట్టుకుంటే ఆ అదురు పెద్దగా తెలియదు.

ఇంకోటి, పాత పైపు ఎగువ పక్కన ఉండేది. డెల్టా కాలవల్లో గుర్రపుడెక్క ఎంతుంటదో మీకు తెలుసు, నీళ్ళు ఫుల్లుగా వదిలినప్పుడు అది కొట్టుకొచ్చి పైపుకి ఆనుకుని గుట్ట పడేది, ఒక్కోసారి అరటి చెట్లు, దుంగలు కూడా. కొత్తది దిగువ పక్కకి మార్చారు, వంతెన శ్లాబు అడుగు మట్టం కన్నా పైకి లేపారు. మొన్న 2024 సెప్టెంబర్లో బుడమేరు విజయవాడని ముంచి, బ్యారేజీకి 11 లక్షల 43 వేల క్యూసెక్కులు వచ్చి, పడవలు కొట్టుకొచ్చి గేట్ల దగ్గర గుద్దుకున్నాక ఈ చుట్టుపక్కల ఏ ఇంజినీరూ పాత వరద మట్టాన్ని నమ్ముకోవట్లేదులెండి. మంచిదే.

బెండ్ల దగ్గర నేను కాస్త నోరు పారేసుకున్నా. పైపు భూమిలోంచి పైకి లేచి వంతెన ఎక్కి మళ్ళీ దిగాలి కాబట్టి నాలుగు చోట్ల బెండ్లు. నీళ్ళు బెండు దగ్గర పైపుని బయటికి తోస్తాయి, ఎంత అంటే 20 మీటర్ల ఎత్తు ట్యాంకు ప్రెజరుకి 300 పైపు 45 డిగ్రీల బెండు మీద దాదాపు టన్నూ మూడొందల కిలోల దాకా, టెస్టు ప్రెజరప్పుడు ఇంకా ఎక్కువ. రబ్బరు రింగు నీళ్ళు కారకుండా ఆపుద్ది గానీ పైపు ఊడకుండా ఆపదు. అందుకే బెండు వెనక కాంక్రీటు దిమ్మ పోయాలి. మొదటి రెండు చోట్ల పోశారు, మూడోది పోయకుండానే మట్టి తోసేస్తున్నారు.

"ఏంటి మేస్త్రీ, దీనికి దిమ్మ లేదా?" అన్నా.

"రేపు పోస్తామండీ, సిమెంటు రాలేదు."

"మట్టి పూడ్చాక రేపు ఎట్టా పోస్తావయ్యా?"

నవ్వాడు. అప్పుడే మున్సిపాలిటీ ఇంజినీరు ఏఈ గారు బండి మీద వచ్చారు, ఆయన దిగి చూసి ఏమీ అనకుండా జేసీబీ ఆపించి మట్టి తీయించారు. సాయంత్రానికి సిమెంటు కూడా వచ్చేసింది, ఎక్కడి నుంచి వచ్చిందో మరి. ఆ ఏఈ గారు బదిలీ అయి వెళ్ళిపోయారు ఇప్పుడు.

పైపు పైకి లేచిన చోట గాలి చేరుద్ది, అది పోవడానికి ఎత్తైన చోట ఎయిర్ వాల్వు పెట్టారు. పాత లైనుకి ఇది పని చేసేది కాదు, అందుకే మా వైపు నీళ్ళు వదిలిన చాలాసేపటికి గానీ కుళాయి మొరిగేది కాదు, ఆ మొరగడం కూడా గాలే. ఇప్పుడు పొద్దున్నే వంతెన మీద బుస్సుమని ఒక శబ్దం వస్తది, అది విన్నాక కాసేపటికల్లా మా కుళాయి నీళ్ళు. వాల్వు చుట్టూ ఇనప బోను వేసి తాళం వేశారు, అది లేకపోతే మా ఊళ్ళో పాత సామాన్లవాడి బండి ఎక్కేది ఎప్పుడో. అవతల గట్టు కింద లోతట్టు చోట బురద వదలడానికి స్కవర్ వాల్వు కూడా ఉంది. దాన్ని ఏడాదిలో ఎవరైనా తిప్పారా అంటే నేనైతే చూడలేదు.

చిన్నచిన్న చికాకులు. పైపు మీద కేబుల్ టీవీవాళ్ళు, ఇంటర్నెట్‌వాళ్ళు వైర్లు పరిచేశారు, ఎవరూ ఆపలేదు. ఫ్లెక్సీలు కట్టడానికి ఇనప దూలం భలే అనుకూలంగా దొరికింది, సంక్రాంతికి, పుట్టినరోజులకి పైపు కనపడదు. పిల్లలు పైపు మీద నడుచుకుంటూ కాలవ దాటుతున్నారు, రెండు చివర్లా ముళ్ళ బోను పెడితే ఎక్కరు, పెట్టలేదు. పాత పైపు ఇంకా ఆ పక్కన వేలాడుతూనే ఉంది, లోపల నీళ్ళు లేవు గానీ బరువు వంతెన మీదే కదా, వేలం వేయాలంట, ఫైలు నడుస్తోందంట. ఇవన్నీ కలిపి ఒక స్టారు కోశా. లేకపోతే వంతెన పనికి 5 ఇచ్చేవాడిని, నిజంగా.

రోడ్డు గురించి ఎక్కువ రాయను, రాస్తే బీపీ పెరుగుద్ది. వంతెన ఎక్కే చోట తవ్విన గాడి పైన మట్టి పోసి, నీళ్ళు కొట్టి తొక్కించకుండా కంకర చల్లి, దాని మీద తారు పూశారు. మొదటి వానకి దిగింది. ఆటోలు ఆ గుంట తప్పించబోయి ఎదురుగా వచ్చే బండ్ల మీదికి పోతున్నాయి. తర్వాత రోడ్డు వేసినప్పుడు వాల్వు చాంబరు మూతల మీద కూడా తారు వేసేశారు, కాబట్టి రేపు పైపు పగిలితే నీళ్ళు ఆపే వాల్వు ఎక్కడుందో గునపంతో వెతుక్కోవాలి. నేను మా కొట్టు గోడ మీద పెయింటుతో బాణం గుర్తు వేసి ఎన్ని అడుగుల దూరమో రాసి పెట్టా, ఫిట్టర్లు ఇప్పుడు అది చూసుకునే పని చేస్తున్నారు.

ఇప్పుడు తూము. అసలు రివ్యూ ఇదే.

కొత్త మెయిన్ వంతెన దిగాక బజారు వైపు ఒక చిన్న బ్రాంచి పోద్ది, 150 ఎంఎం, పాత ఏసీ పైపు, అంటే ఆస్బెస్టాస్ సిమెంటు, జనం సిమెంటు పైపు అంటారు. బజారు వెనక మురుగు కాలవ మీద నీళ్ళు పోయే రెండు ఖానాల చిన్న తూము ఉంది, రోడ్డు మీద పోయేవాడికి అక్కడ కల్వర్టు ఉందని కూడా తెలియదు, రెండు పక్కలా కూరగాయల బండ్లు. ఆ పైపు తూము ఖానా లోపలి నుంచి, మురుగులో సగం మునిగి పోద్ది. ఖానా మధ్యలో ఒక జాయింటు కూడా ఉంది. చేపల మార్కెట్టు నీళ్ళు, హోటళ్ళ నీళ్ళు, ఇళ్ళ లెట్రిన్ ట్యాంకుల నీళ్ళు అన్నీ ఆ జాయింటుని తడుపుకుంటూ పోతాయి.

వంతెన మీద పైపు లీకైతే నీళ్ళు బయటికి కారతాయి, ఊరంతా చూస్తది, పేపర్లో ఫొటో వస్తది, ఎవరో ఒకరు వచ్చి క్లాంపు వేస్తారు. తూములో పైపు లీకైతే ఎవరికీ కనపడదు, పైగా లీకు రెండు వైపులా పని చేస్తది. మాకు నీళ్ళు పొద్దున ఒక గంట, సాయంత్రం ఒక గంట. ఆ గంట పైపులో ప్రెజరు ఉంటది, మంచినీళ్ళే మురుగులోకి పోతాయి, సరే నష్టం అంతే అనుకోవచ్చు. వాల్వు కట్టగానే పల్లంలో ఉన్న ఇళ్ళవాళ్ళు సంపుల్లోకి, మోటార్లతో మిగిలిన నీళ్ళు లాగేస్తారు, పైపు ఖాళీ అవుతూ గాలి కోసం చూస్తది, ఎక్కడ కన్నం ఉంటే అక్కడి నుంచి పీలుస్తది. ఆ కన్నం మురుగులో మునిగి ఉంటే పీల్చేది మురుగే. మళ్ళీ పొద్దున నీళ్ళు వదలగానే ముందుగా వచ్చేది ఆ పీల్చిన సరుకు. మా బజారు వీధిలో మొదటి రెండు బిందెలు పారబోసే అలవాటు ఎందుకొచ్చిందంటే ఇందుకే.

ఇది నేను కల్పించి భయపెట్టే సంగతి కాదు. హైదరాబాద్ భోలక్‌పూర్‌లో 2009 మేలో జరిగింది ఇదే, మురుగు కలిసిన కుళాయి నీళ్ళు తాగి వందల మంది ఆసుపత్రి పాలయ్యారు, ప్రాణాలు పోయాయి. 2018 మార్చిలో గుంటూరులో మళ్ళీ అదే, పాత గుంటూరు వైపు వీధులు వీధులే డయేరియాతో పడ్డాయి. రెండు చోట్లా తర్వాత తవ్వి చూసి మార్చింది పాత పైపులే. నీటి సరఫరా ఇంజినీర్లందరూ చూసుకునే సీపీహెచ్ఈఈవో (కేంద్ర ప్రభుత్వ తాగునీటి ఇంజినీరింగు సంస్థ) మాన్యువల్లో సూటిగా రాసి ఉంటది, మంచినీళ్ళ పైపు మురుగు లైనుని దాటాల్సి వస్తే పైపు అడుగు మురుగు లైను పైభాగానికి కనీసం అర మీటరు ఎత్తున ఉండాలి, జాయింట్లు మురుగుకి వీలైనంత దూరంగా ఉండాలి అని. మా దగ్గర ఎత్తు సంగతి దేవుడెరుగు, జాయింటు సరిగ్గా మురుగు మధ్యలో ఉంది.

మరి కొత్త పనిలో దీనికేం చేశారంటే, జాయింటు చుట్టూ ఒక కాలరు బిగించి దాని మీద మొత్తం కాంక్రీటు పోసేశారు, పైపు చుట్టూ. రికార్డులో కల్వర్టు క్రాసింగు పటిష్ఠం చేయబడినది అని ఉంటది. చూడటానికి గట్టిగానే ఉంది. కానీ లోపల అదే ఏసీ పైపు, ఇప్పుడు కారుతోందో లేదో చూసే వీలు కూడా పోయింది. కాంక్రీటు పోసేటప్పుడు మురుగు ఆపారా అంటే ఇసుక బస్తాలు నాలుగు అడ్డం వేశారు, సగం నీళ్ళలోనే పోశారు, అట్టా పోసిన కాంక్రీటు ఎంత కాలం ఉంటదో మేస్త్రీకే తెలియాలి. ఇంకో గొడవ ఏంటంటే ఆ దిమ్మ వల్ల ఖానాలో మూడో వంతు మూసుకుపోయింది. ప్లాస్టిక్ కవర్లు, కొబ్బరి బోండాలు, అరటి గెలల కాడలు వచ్చి దానికే పట్టుకుంటున్నాయి. మొన్న వానలకి మురుగు ఎగతన్ని కూరగాయల బండ్ల దాకా వచ్చింది. ఆ చెత్త తీయడానికి జేసీబీ తెస్తారు, జేసీబీ బకెట్టు ఆ దిమ్మకి తగలకుండా తీయడం ఎవడి వల్లా కాదు. ఊళ్ళో నేను చూసిన పైపు పగుళ్ళలో వయసైపోయి పగిలినవాటికన్నా పూడిక తీస్తూ జేసీబీ పగలగొట్టినవే ఎక్కువ అనిపిస్తది.

కొత్త ఏఈ గారిని అడిగా. మర్యాదగానే మాట్లాడారు. "ఎస్టిమేట్‌లో మెయిన్ లైను క్రాసింగే ఉందండీ, బ్రాంచి లైను క్రాసింగులు రిపేరు కింద పెట్టారు, కొత్త పైపు అంటే మళ్ళీ శాంక్షను కావాలి" అన్నారు.

"ఎంత పైపు కావాలి సార్ దానికి?" అన్నా.

"అంటే... కల్వర్టు మొత్తం కదండీ."

ఆ కల్వర్టు మొత్తం నాలుగు మీటర్లు ఉంటది అటు నుంచి ఇటు. డీఐ పైపు ఒక్కటి 5.5 మీటర్లు వస్తది. అంటే ఒక్కటే ఒక్క పైపు, జాయింటు లేకుండా మురుగు మొత్తం దాటేసి, రెండు జాయింట్లూ గట్టు మీద పొడిలో పడతాయి. ఖానాలోంచి కాకుండా తూము పిట్టగోడ పక్కన పైకి లేపి వేసుకుంటే మురుగుకి అందదు, లీకైతే రోడ్డు మీద పోయేవాడికి కనపడుద్ది, చెత్తకి అడ్డం ఉండదు. పైకి లేపడానికి జాగా లేదంటారా, సరే, పెద్ద ఇనప పైపు ఒకటి కేసింగుగా వేసి దాని లోపలి నుంచి తీసుకెళ్ళొచ్చు, రెండు చివర్లూ గట్టు మీద తెరిచి ఉంచితే లీకైనా కేసింగులోంచి బయటికొచ్చి తెలుస్తది. ఒక పైపు, నాలుగు బెండ్లు, రెండు వాల్వులు, బెండ్ల వెనక దిమ్మలు. ఆ కాంక్రీటుకి పెట్టిన ఖర్చుకీ దీనికీ తేడా ఎంతో నాకు తెలుసు ఎందుకంటే ఆ సామాన్లు అమ్మేది నేనే, నా దగ్గర కొనక్కర్లేదు కూడా, ఎక్కడైనా కొనుక్కోండి సార్ అని ఏఈ గారికి చెప్పి వచ్చా. నా లాభం కోసం అడుగుతున్నా అనుకుంటారేమోనని లెటరు మీద కాలనీ వాళ్ళతో సంతకాలు పెట్టించి వార్డు సచివాలయంలో ఇచ్చాం, రసీదు ఉంది.

నీళ్ళ క్వాలిటీ తేడా కూడా చూశాం. సచివాలయంలో నీళ్ళు, రోడ్ల లాంటి సంగతులు చూసే ఎమినిటీస్ సెక్రటరీ దగ్గర క్లోరోస్కోప్ ఉంటది, చిన్న గాజు గొట్టంలో నీళ్ళు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తది, ఎంత పసుపైతే అంత క్లోరిన్ ఉన్నట్టు. చివరి కుళాయి దగ్గర లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ఆ అమ్మాయిని బతిమాలి ఒకేరోజు పొద్దున రెండు చోట్ల చేయించా. వంతెన దిగాక మా కొట్టు దగ్గర కుళాయిలో పసుపు బానే వచ్చింది. తూము దాటాక మొదటి వీధి కుళాయిలో, నీళ్ళు వదిలిన కొత్తల్లో, రంగే రాలేదు. కాసేపు పోయాక కొద్దిగా వచ్చింది. ఒకే ట్యాంకు, ఒకే నీళ్ళు, మధ్యలో ఉన్నది ఆ తూమే. "రిజిస్టరులో రెండోసారి వచ్చింది రాయనా అండీ" అంది పాపం. రెండూ రాయమ్మా, టైముతో సహా రాయి అన్నా. రాసింది.

మీ ఊళ్ళో కూడా చూసుకోవాలనుకునేవాళ్ళకి, పెద్ద వంతెన దగ్గర నిలబడి టైం వేస్టు చేసుకోకండి, అది అందరూ చూస్తారు. మీ వీధికి నీళ్ళొచ్చే దారిలో ఉన్న చిన్న తూములు, చప్టాలు వెతకండి, కాలవ పూడిక తీసిన మర్నాడు వెళ్తే నీళ్ళు తగ్గి పైపు కనపడుద్ది, ఫొటో తీయండి. ఖానా లోపల జాయింటు ఉందా, పైపు మురుగుకి తగులుతోందా, అది ఏసీనా సీఐనా డీఐనా అన్నది చూడండి. వాల్వు కట్టిన తర్వాత ఆ చివర ఏదైనా కుళాయి తిప్పి అరచెయ్యి దాని మూతికి పెడితే లోపలికి లాగుతుంటే మీ లైను పీలుస్తున్నట్టే, ఇక కంప్లయింటు ఇవ్వాల్సిందే. కంప్లయింటులో నీళ్ళు బాలేవు అని రాస్తే ట్యాంకు కడిగాం అని క్లోజు చేసేస్తారు, ఫలానా తూములో పైపు మురుగులో మునిగి ఉంది, జాయింటు మధ్యలో ఉంది అని ఫొటోతో ఇస్తే అంత తేలిగ్గా మూయలేరు. అప్పటిదాకా తాగే నీళ్ళు కాచుకోండి, నీళ్ళు వచ్చీరాగానే మోటరు వేసి లాగడం మానండి, మనం లాగే కొద్దీ పక్కవాడి పైపు మురుగు పీలుస్తది.

మా వాళ్ళకి ఈసారి కాలవ కట్టేసేది రాబోయే ఎండాకాలమే, మురుగు కాలవలో కూడా అప్పుడే నీళ్ళు తక్కువ ఉంటాయి. శాంక్షను వచ్చి, ఆ కాంక్రీటు దిమ్మ పగలగొట్టి ఒక్క పైపు వేస్తే ఈ రివ్యూలో తూము రేటింగు నేనే మారుస్తా. పాత పైపు వేలం పాట కూడా అప్పుడే అంటున్నారు, నేను పాడను లెండి, ఆ తుప్పు నాకొద్దు.